‘ఏం లేదు సార్’ అన్నాక ఏం చేయాలి?

(బీటెక్ మొదటి సంవత్సరం పిల్లలకు మెంటార్లుగా ఉండబోతున్న అధ్యాపకుల కోసం ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ముందు రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. మైకు అందుతోందా చివరిదాకా? సరే.

మీకు ఒక్కొక్కరికి 20 మంది పిల్లల్ని అప్పజెప్పారు. సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ, కొత్తగా చేరిన పిల్లల కోసం ఇండక్షన్ ప్రోగ్రాం పెట్టాక చాలా కాలేజీల్లో ఇదే లెక్క నడుస్తోంది, 20 మందికి ఒక మెంటార్. మీ చేతికి ఒక రిజిస్టరు కూడా ఇచ్చే ఉంటారు. అందులో ఏముంటుంది? పేరు, రోల్ నంబరు, తండ్రి ఫోన్ నంబరు, అటెండెన్స్ శాతం, మిడ్ మార్కులు, బ్యాక్‌లాగ్‌లు, చివర ఒక చిన్న గడిలో ‘రిమార్క్స్’. మెంటారింగ్ అవర్‌లో సాధారణంగా ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పిల్లాడు వచ్చి టేబుల్ ముందు నిలబడతాడు. మనం రిజిస్టరు చూస్తూ అటెండెన్స్ ఎందుకు తగ్గింది అంటాం, వాడు ఏదో గొణుగుతాడు, రేపటి నుంచి సరిగ్గా రా అంటాం, సంతకం పెట్టించుకుంటాం. నెక్స్ట్. ఇందులో పిల్లాడు ఎన్ని సెకన్లు మాట్లాడాడు? ఒక్కసారి ఆలోచించండి. మీరు మాట్లాడింది ఎంత, వాడు మాట్లాడింది ఎంత?

డాక్టర్ల మీద ఈ లెక్క తీశారు. 1984లో అమెరికాలో బెక్మన్, ఫ్రాంకెల్ అని ఇద్దరు, డాక్టరు దగ్గరికి వచ్చిన పేషెంట్ తన బాధ చెప్పుకోవడం మొదలుపెట్టాక డాక్టరు ఎంతసేపటికి అడ్డుపడుతున్నాడో రికార్డింగులు పెట్టి చూశారు. సగటున 18 సెకన్లు. 1999లో మళ్ళీ ఇలాంటి పరిశీలనే చేస్తే 23 సెకన్లు వచ్చింది. ఇక్కడ అసలు గమనించాల్సింది వేరే ఉంది. అడ్డుపడకుండా పూర్తిగా చెప్పనిచ్చిన పేషెంట్లు ఎంత ఎక్కువ సమయం తీసుకున్నారనుకుంటున్నారు? చెప్పండి ఎవరైనా. పది నిమిషాలా? ఐదా? సగటున ఆరు సెకన్లు. ఆరంటే ఆరు సెకన్లు. పేషెంట్‌ని వదిలేస్తే గంట చెబుతాడని డాక్టరు భయపడ్డాడు, వాడేమో ఇంకో ఆరు సెకన్లలో ముగించేవాడు. మనకూ అదే భయం. టైమ్ లేదు, బయట ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు అనుకుంటాం.

టీచర్లకు ఇంకో అలవాటు ఉంది. మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో క్లాసు రికార్డింగులు విని చెప్పింది, ప్రశ్న అడిగిన తర్వాత టీచరు జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకనే అని. ఆ సెకను కాగానే ఇంకొకరిని అడుగుతాం, లేదా జవాబు మనమే చెప్పేస్తాం. అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా వచ్చాయి, అంతవరకు నోరు విప్పనివాళ్ళు కూడా మాట్లాడారు. పాఠం చెప్పేటప్పుడు ఈ తొందర ఎంతో కొంత చెల్లుతుంది, సిలబస్ అవ్వాలి కదా. కానీ ఒక పద్దెనిమిదేళ్ళ పిల్లాడు తన ఇంటి సంగతి మొదటిసారి బయటివాళ్ళకి చెప్పబోతున్నప్పుడు ఒక్క సెకను ఏం సరిపోతుంది? ఎక్కడ మొదలుపెట్టాలో వాడికే తెలియదు.

పైగా మన పిల్లలకు భాష ఒకటి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ ఎలాగో నెట్టుకొచ్చి ఇక్కడ చేరినవాడు మీ దగ్గర ఇంగ్లీషులో మాట్లాడాలేమో అనుకుంటాడు. వాడు మనసులో వాక్యం కూర్చుకుంటూ ఉంటే మనం సమాధానం లేదనుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతాం. అందుకని మొదటి మాటే తెలుగులో మాట్లాడండి. వాడి యాస ఏదైనా, శ్రీకాకుళం కానివ్వండి, అనంతపురం కానివ్వండి, ఆదిలాబాద్ కానివ్వండి, మీ ముఖంలో ఏ మార్పూ కనిపించకూడదు. కొందరికి తెలుగు కూడా ఇంటి భాష కాదు. ఇంట్లో లంబాడీ మాట్లాడేవాళ్ళున్నారు, కోయ మాట్లాడేవాళ్ళున్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్ళున్నారు. వాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ సమయం ఇవ్వాలి, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీరు ఏది అడిగినా పిల్లల నోట మొదట వచ్చే జవాబు ఏమిటి? అవును, మీరంతా అన్నదే, ‘ఏం లేదు సార్’. ఏరా డల్‌గా ఉన్నావు? ఏం లేదు సార్. మార్కులు ఎందుకు తగ్గాయి? ఏం లేదు సార్, ఈసారి చదువుతాను. ఇది అబద్ధం కాదు. పొగరు కూడా కాదు. ఈ మనిషి నిజంగా వింటాడా, లేక రిజిస్టరు నింపుకోవడానికి అడుగుతున్నాడా అని వాడు మనల్ని చూసుకుంటున్నాడు. మనం ‘సరే, వెళ్ళు’ అంటే వాడికి జవాబు దొరికినట్టే.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను, ఎవరో మీరు గుర్తుపట్టకూడదు. పల్నాడు వైపు పల్లెటూరు, రోజూ బస్సులో వచ్చి వెళ్ళేవాడు. అటెండెన్స్ 66 శాతం. జేఎన్‌టీయూ రూల్ మీకు తెలిసిందే, 75 ఉండాలి, 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి, ఆ లోటు మాఫీకి కండొనేషన్ ఫీజు కట్టాలి, 65 దిగితే డిటైన్, అంటే పరీక్షలకు కూర్చోనివ్వరు. వాడు అంచు మీద ఉన్నాడు. రోజూ పోయేది ఫస్ట్ అవరే. మిగతా రోజంతా ఉంటాడు, చక్కగా వింటాడు. లేటుగా లేస్తాడు, రాత్రంతా ఫోన్ చూస్తాడు అని డిపార్ట్‌మెంట్‌లో అందరూ తేల్చేశారు. వాణ్ణి పిలిచి కూర్చోబెట్టాను. ఏం లేదు సార్, రేపటి నుంచి వస్తాను అన్నాడు. నేను ‘పొద్దున ఫస్ట్ అవర్‌కి రావడం కష్టంగా ఉంది’ అని ఊరుకున్నాను. చూడండి, అది ప్రశ్న కాదు. నేను గమనించినదే వాడికి తిరిగి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘బస్సు సార్’ అన్నాడు.

ఇక్కడ మనలో చాలామంది ఏం చేస్తాం? బస్సా? అయితే ముందు బస్సు ఎక్కు. బస్ పాస్ తీసుకున్నావా? డిపో మేనేజరుకి లెటర్ రాయిద్దామా? సమస్య దొరికింది కదా, ఇక పరిష్కారం మొదలుపెడతాం. నేను ‘బస్సు’ అని మళ్ళీ అన్నాను. వాడు తల దించుకుని, ‘ఆ పొద్దున బస్సులో మా ఊరాయన వస్తాడు సార్’ అన్నాడు. ‘ఆయనతో ఇబ్బందిగా ఉంది’ అన్నాను నేను. ‘మా నాన్న ఆయన దగ్గర డబ్బు తీసుకున్నాడు సార్, మిర్చి పోయింది, కట్టలేదు. బస్సులో అందరి ముందూ నన్ను అడుగుతాడు, మీ నాన్న ఎప్పుడిస్తాడ్రా అని.’ అదీ సంగతి. ఆ ఒక్క మాట తప్పించుకోవడానికి వాడు తర్వాతి బస్సుకి వస్తున్నాడు. సంవత్సరం పోయినా ఫరవాలేదనుకున్నాడు గానీ ఆ మాట మళ్ళీ పడదలచుకోలేదు. నేను ముందు బస్సు ఎక్కమని సలహా ఇచ్చి ఉంటే ‘సరే సార్’ అనేవాడు. వాడు మంచి పిల్లాడు, మర్యాదగా సరే అనేవాడు. తర్వాత డిటైన్ అయ్యేవాడు.

ఆ తర్వాత నేను చేసింది చాలా తక్కువ. ‘మరి ఏం చేద్దామనుకుంటున్నావు?’ అని అడిగాను. మా మేనత్త వాళ్ళు ఇక్కడ టౌన్‌లోనే ఉంటారు సార్, పరీక్షలయ్యేదాకా అక్కడుంటాను అన్నాడు. ఆ దారి వాడికి ముందే తెలుసు. అత్తయ్య ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఆగాడు. దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడుకున్నాం, అంతే.

మొదట చెప్పింది బస్సు. రెండోసారి చెప్పింది మనిషి. మూడోసారి చెప్పింది అప్పు. మొదటి మాట దగ్గరే మనం సలహా మొదలుపెడితే మిగతా రెండూ మనకు ఎప్పటికీ తెలియవు. ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది ఇదొక్కటే. మీరు అర్థం చేసుకున్నది మీ మాటల్లో వాడికి చెప్పండి, వాడు ‘అవును సార్, అదే’ అనాలి. ఆ మాట వాడి నోట వచ్చేదాకా సలహా వద్దు. ఒక్క సలహా కూడా వద్దు.

ఇది నేను కనిపెట్టింది కాదు. కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1951లో ఒక ప్రసంగంలో ఇలాంటి ప్రయోగమే సూచించాడు. ఇద్దరు వాదించుకుంటుంటే, అవతలివాడు చెప్పినదాన్ని వాడికి తృప్తి కలిగేలా తిరిగి చెప్పాకే మనం మన మాట మాట్లాడాలి అని నియమం పెట్టుకోండి, ఎంత కష్టమో చూడండి అన్నాడు. తర్వాత 1957లో ఆయన, రిచర్డ్ ఫార్సన్ కలిసి రాసిన చిన్న పుస్తకంతో ‘యాక్టివ్ లిజనింగ్’ అన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది. వాళ్ళు అది రాసింది ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పనిచేసే సూపర్‌వైజర్లని దృష్టిలో పెట్టుకుని. అంటే మనలాంటి వాళ్ళ కోసమే, సైకాలజీ డిగ్రీలు లేనివాళ్ళ కోసం. నేనూ మెకానికల్ పాఠాలు చెప్పినవాణ్ణే.

తిరిగి చెప్పడం అంటే చిలకపలుకులు కాదండోయ్. వాడు ‘హాస్టల్‌లో నచ్చట్లేదు సార్’ అంటే మీరు ‘హాస్టల్‌లో నీకు నచ్చట్లేదు’ అని ప్రతి వాక్యమూ అప్పజెబితే వాడికి నవ్వొస్తుంది, లేదా ఒళ్ళు మండుతుంది. ‘అంటే నువ్వనేది, రూమ్‌లో నీతో ఎవరూ మాట్లాడట్లేదు, అంతేనా?’ అనండి. తప్పయితే? తప్పయినా మంచిదే! ‘కాదు సార్, మాట్లాడతారు, కానీ...’ అని వాడే సరిదిద్దుతాడు. ఆ ‘కానీ’ తర్వాత వచ్చేదే మీకు కావాల్సింది. అప్పుడు మాత్రం మధ్యలోకి వెళ్ళకండి.

ఇంకొకటి, ‘ఎందుకు’ అని అడగడం వీలైనంత తగ్గించండి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎందుకు అన్నారంటే తిడుతున్నారనే అర్థం. ఎందుకు ఆలస్యమైంది, ఎందుకు మార్కులు రాలేదు, అన్నీ కేకలే. ఎందుకు అనగానే పిల్లాడు సంజాయిషీ వెతుక్కుంటాడు. ‘ఆ రోజు ఏం జరిగింది?’, ‘మొదట్నుంచీ చెప్పు’, ‘ఇది ఎప్పటి నుంచి?’, ఇలా అడిగి చూడండి, కథ బయటికొస్తుంది. ‘అర్థమైందా?’ కూడా అలాంటిదే. దానికి అర్థమైంది సార్ అని తప్ప ఇంకో జవాబు మనం ఎప్పుడైనా విన్నామా?

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మనం ప్రేమగానే అనే మాటలు కొన్ని ఉన్నాయి. ‘మా రోజుల్లో కిరోసిన్ దీపం కింద చదువుకున్నాం.’ ‘ఇదొక సమస్యా, దీనికే ఇంత టెన్షనా?’ ఇవి అనగానే పిల్లాడు మూసుకుపోతాడు. అన్నిటికంటే పెద్దది మూడోది, ‘మీ అమ్మానాన్నా నీ కోసం ఎంత కష్టపడుతున్నారో తెలుసా?’ తెలుసు. వాడికి మీకంటే బాగా తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే నాన్న ఎవరి గడప ఎక్కాడో తెలుసు, అమ్మ ఏ గాజులు తాకట్టు పెట్టిందో తెలుసు. ఆ బరువుతోనే వాడికి నిద్ర పట్టడం లేదు. మనం ఇంకొంచెం పెడుతున్నాం. మొదటి సంవత్సరంలో నాలుగు సబ్జెక్టులు పోయిన పిల్లాడికి ఇంట్లో చెప్పే ధైర్యం ఎందుకు లేదంటారు? ఇంట్లోవాళ్ళంటే ప్రేమ లేకనా? దయచేసి ఆ మాట అనకండి. మిగతావన్నీ మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

ఎదుటివాడి ఇబ్బంది చూడగానే సరిచేసేయాలని మనకు చెయ్యి దురద పుడుతుంది. ఇది మంచివాళ్ళకే ఎక్కువ. మిల్లర్, రోల్నిక్ అని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిని, అంటే మారడానికి కారణాలు ఎదుటివాడి నోటే వచ్చేలా మాట్లాడే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్ళు దీని గురించి చాలా రాశారు. తాగుడు మానాలనుకునేవాళ్ళతో పనిచేస్తూ మిల్లర్ 1983లో మొదటి వ్యాసం రాశాడు. వాళ్ళు గమనించింది ఏమిటంటే, మారడం మంచిదా కాదా అని రెండు మనసులతో ఉన్న మనిషికి మనం ‘మారు’ అని వాదిస్తే, వాడు రెండో పక్షం తీసుకుని మారకపోవడానికి కారణాలు చెబుతాడు. బ్రాంచ్ మారతాను, చదువు మానేస్తాను అని వచ్చే పిల్లల దగ్గర ఇది ప్రతి ఏడూ కనిపిస్తుంది. వద్దురా అని మీరు పది కారణాలు చెబితే వాడు పదకొండు చెబుతాడు, చెప్పేకొద్దీ గట్టిపడతాడు. ‘మానేయాలనీ ఉంది, ఇంత దాకా వచ్చి మానడమా అనీ ఉంది, అవునా?’ అని అడగండి. అప్పుడు రెండు వైపులా వాడే మాట్లాడతాడు.

చోటు గురించి కూడా రెండు మాటలు. స్టాఫ్ రూమ్‌లో ఆరుగురు లెక్చరర్లు పేపర్లు దిద్దుకుంటుంటే మధ్యలో నిలబెట్టి ‘ఇంట్లో అంతా బాగేనా’ అంటే ఎవడు చెబుతాడు? కూర్చోబెట్టండి. టేబుల్‌కి అవతల పక్క కాకుండా పక్కనే కుర్చీ వేయండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి డ్రాయర్‌లో పడేయండి. చోటు నలుగురికీ కనపడాలి, మాట మాత్రం వినపడకూడదు. వరండా చివర బెంచీ అయినా సరే. ముఖ్యంగా ఆడపిల్లలతో మాట్లాడేటప్పుడు తలుపు తెరిచే ఉంచండి, అది ఆ అమ్మాయికీ మంచిది, మీకూ మంచిది.

రిజిస్టరు తర్వాత రాసుకోండి, వాడి ముందు కాదు. మీ పెన్ను కదలగానే వాడి మాట ఆగిపోతుంది. రాసేటప్పుడు కూడా ఆలోచించి రాయండి. అది రేపు హెచ్ఓడీ చూస్తారు, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళొస్తే టేబుల్ మీద పెడతారు. ఆ అబ్బాయి విషయంలో నేను రాసింది ‘రవాణా ఇబ్బంది, మాట్లాడాం, ఫస్ట్ అవర్‌కి వస్తున్నాడు’ అని. అప్పు సంగతి రిజిస్టరుకి ఎందుకు?

అయితే అన్నీ దాచకూడదు. అందుకని ‘ఎవరికీ చెప్పను’ అని ముందే మాట ఇవ్వకండి. ‘నువ్వు చెప్పేది మన మధ్యే ఉంటుంది, కానీ నీకో ఇంకొకరికో ప్రమాదం ఉందనిపిస్తే చెప్పాల్సినవాళ్ళకి చెబుతాను, నీకు తెలియకుండా మాత్రం చెప్పను’ అనండి. ఫస్ట్ ఇయర్‌లో 17 ఏళ్ళవాళ్ళు ఉంటారు, మర్చిపోవద్దు. 18 నిండనివాళ్ళ మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే, అది మన ఇష్టం మీద ఆధారపడ్డ విషయం కాదు. ర్యాగింగ్ అయితే కాలేజీ కమిటీ ఉంది, యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది.

చచ్చిపోవాలనిపిస్తోంది అన్న ఛాయ ఎక్కడైనా కనిపిస్తే? ‘నాకు బతకాలని లేదు’ అని అందరూ నేరుగా అనరు. ‘నేను లేకపోతే ఇంట్లోవాళ్ళకి బరువు తగ్గుతుంది సార్’ అంటారు. అప్పుడు నేరుగా అడగండి, ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. అడిగితే పిల్లాడికి ఊపిరి ఆడుతుంది, ఎవరో ఒకరు గమనించారని. వాణ్ణి ఒంటరిగా వదలకండి, హాస్టల్‌కి ఒక్కణ్ణీ పంపకండి. మానసికంగా ఇబ్బందిపడేవాళ్ళకి ఫోన్‌లో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416, రాసుకోండి, ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వాడి పక్కన కూర్చుని మీరే కలపండి. ఇక్కడ మన పని వినడం, వాణ్ణి తెలిసినవాళ్ళ దగ్గరికి చేర్చడం. వైద్యం మన పని కాదు.

ప్రశ్నలా? అక్కడ మేడమ్ చెయ్యెత్తారు, చెప్పండి.

మేడమ్ అడుగుతున్నారు, 20 మందికీ ఇంతసేపు ఎక్కడ కుదురుతుంది, ల్యాబులున్నాయి, అక్రిడిటేషన్ పనులున్నాయి అని. న్యాయమైన ప్రశ్న. అందరికీ ఒకేలా వద్దు మేడమ్. మొదటి మిడ్ మార్కులు వచ్చిన వారం చూడండి, పాటర్న్ కనిపిస్తుంది. ఉన్నట్టుండి మార్కులు పడిపోయినవాళ్ళు, ఒకే అవర్‌కి రానివాళ్ళు, పండక్కి ఇంటికి వెళ్ళి తిరిగి రావడం ఆలస్యమైనవాళ్ళు, ముందు వీళ్ళని పిలవండి. నలుగురో ఐదుగురో ఉంటారు. మిగతావాళ్ళని కారిడార్‌లో కనిపించినప్పుడు పేరు పెట్టి పలకరించినా చాలు, అవసరం పడ్డ రోజు వాళ్ళే వస్తారు. ఇందాకటి ఆరు సెకన్ల సంగతి కూడా మర్చిపోకండి, మనం భయపడేంత సమయం పట్టదు.

ఇక్కడ ఈ సార్, అంతా విన్నాక కూడా పిల్లాడు ఏమీ చెప్పకపోతే అంటున్నారు. చెప్పకపోనివ్వండి సార్. ‘ఇప్పుడు చెప్పబుద్ధి కాకపోతే ఫరవాలేదు నాన్నా, గురువారం మధ్యాహ్నం నేను ఇక్కడే ఉంటాను’ అని ఏ రోజో, ఏ టైమో చెప్పి వదిలేయండి. గురువారం మాత్రం మీరు అక్కడ ఉండాలి. మీటింగ్ పడినా ఇంకొకరితో కబురు పంపండి. వాడు రాకపోయినా మీరున్నారా లేదా అని అటువైపు నడుస్తూ చూసుకుంటాడు.

సరే, ఇక వినడం మానేసి చేసి చూద్దాం. పక్కనున్నవాళ్ళతో ఇద్దరిద్దరు తిరిగి కూర్చోండి. ఒకే డిపార్ట్‌మెంట్‌వాళ్ళు వద్దు, మారండి. ఒకరు ఈ వారంలో మిమ్మల్ని నిజంగా చికాకు పెట్టిన విషయం ఒకటి మూడు నిమిషాలు చెప్పండి, చిన్నదైనా సరే. రెండోవాళ్ళు సలహా ఇవ్వకూడదు, ‘నాకూ ఇలాగే అయింది’ అనకూడదు. మూడు నిమిషాలయ్యాక, విన్నది మీ మాటల్లో చెప్పండి. అవతలివాళ్ళు ‘అవును, అదే’ అంటే ఆపండి. ‘కాదు’ అంటే మళ్ళీ వినండి. తర్వాత మారండి. టైమ్ నేను చూస్తాను, మొదలుపెట్టండి.